పుచ్చుకొంటినమ్మ

చిక్కడపల్లి,
ఆగస్టు 19.

చి. ల. సౌ. ప్రేమకు,

కుసుమ దీవించి రాస్తున్న ఉత్తరం. నేనెవరో నీకు గుర్తుండకపోవచ్చు. రోజుకు ఎంతమందిని కుర్చీలో కూర్చోబెట్టి తోస్తావో ఏమో! పదకొండు రోజుల క్రితం, వరలక్ష్మీ వ్రతం శుక్రవారం నాడు, ఢిల్లీ విమానాశ్రయంలో నువ్వు తోసుకెళ్ళిన చెవిటి ముసలమ్మను. ఒళ్ళో స్టీలు డబ్బా, చెవిలో బ్యాటరీ అయిపోయిన మిషను. నేను "అయ్యో రామా" అనగానే తెలుగువాళ్ళా అని అడిగావు. మీ అమ్మానాన్నలది పాలమూరనీ, ఇప్పుడు ముషీరాబాద్‌లో ఉంటారనీ కాగితం మీద రాసి చూపించావు. ఇప్పుడైనా గుర్తొచ్చానా?

ఆ రోజు వ్యవధి లేక నీకు సంగతంతా చెప్పలేదు. డెహ్రాడూన్‌లో మా చెల్లెలు కమలాకుమారికి మోకాలి ఆపరేషనైతే సాయానికి వెళ్ళాను. శుక్రవారం తెల్లవారేసరికి కబురు వచ్చింది. ఇక్కడ మావారికి గుండెల్లో నొప్పి వస్తే ఆసుపత్రిలో చేర్చారట, సాయంత్రం స్టెంటు వేస్తారట. వ్రతానికని నానబెట్టిన శనగలు డబ్బాలో పోసి మా చెల్లెలు నా చేతికిచ్చింది. ఆ డబ్బా పట్టుకుని ఏడుస్తూ బయల్దేరాను. ఢిల్లీలో విమానం మారాలి.

నన్ను గేటు దగ్గర దింపి నువ్వు వెళ్ళిపోయావు. నీ పని అంతవరకే. ఆ తర్వాత గేటు మార్చారట. మైకులో చెప్పే ఉంటారు, నాకు వినపడితేగా? అందరూ లేచి వెళ్తుంటే టీకి కాబోలు అనుకుని కూర్చున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. నువ్వు ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి, నా బోర్డింగ్ పాసు వెనక "గెటు మరింది" అని రాసి చూపించి, ఆ కొస నుంచి ఈ కొసకి కుర్చీని ఉరికించావు. ఆ విమానం తప్పితే మర్నాటిదాకా ఇంకే విమానంలోనూ సీటు లేదు.

కొత్త గేటు దగ్గర ఇంకో పావుగంట ఆపారు కదా, అప్పుడు పర్సులోని లక్ష్మీదేవి పటానికి దణ్ణం పెట్టుకున్నాను. దణ్ణం పెట్టుకున్నాక ముత్తైదువకు వాయనం ఇవ్వాలి. ఆయన ప్రాణం కోసం మొక్కుకుంటున్న రోజున వాయనం అందుకునేవాళ్ళు లేకపోతే ఎలా? పెళ్ళయిందా అని నిన్నడిగాను. అయిందన్నావు. దోసెడు శనగలు, అరటిపండు, ఆకుపచ్చ రవికెల గుడ్డ నీ చేతిలో పెట్టి "ఇస్తినమ్మ వాయనం" అన్నాను. నువ్వు "తీసుకున్న అమ్మా" అన్నావు. చెవులు లేకపోయినా పెదవులు చదవగలను. అలా కాదు, "పుచ్చుకొంటినమ్మ వాయనం" అనాలని చెప్పి నీ చేత మూడుసార్లు అనిపించాను. నారాయణగూడ ఆడపిల్లల బడిలో ముప్ఫయ్యేళ్ళు తెలుగు చెప్పినదాన్ని, మొగుడు ఆసుపత్రిలో ఉన్నా దిద్దడం మానను!

మూడున్నరకు ఆసుపత్రి చేరాను. ఆయన్ని అప్పుడే లోపలికి తీసుకెళ్ళబోతున్నారు. చెయ్యి పట్టుకున్నాను. "వచ్చావా" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నీకు ఎన్ని జన్మలు రుణపడి ఉండాలో నాకు తెలియడం లేదు. ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉన్నారు. పలక మీద రాసి నాతో పోట్లాడుతున్నారు కూడా.

నీ బ్యాడ్జీ మీద కంపెనీ పేరు చూసిపెట్టుకున్నాను. నిన్ను మెచ్చుకుంటూ మీ పైవాళ్ళకు కూడా ఉత్తరం రాశాను. మావారు ఇంగ్లీషులో రాయమన్నారు. కృతజ్ఞత నాది, నా భాషలోనే ఉంటుందన్నాను. వాయనం సంగతి కూడా పూసగుచ్చినట్టు రాశాను. "మూడుసార్లు అడిగితే మూడుసార్లూ పుచ్చుకొంటినని ఒప్పుగా పలికింది" అని మరీ మెచ్చుకున్నాను. నీకు మంచి జరగాలి తల్లీ.

ఇట్లు,
కుసుమ

* * *

మహిపాల్‌పూర్, ఢిల్లీ,
సెప్టెంబర్ 4.

కుసుమమ్మ గారికి,

ప్రేమ దండం పెట్టి రాస్తున్నది. మీ చీటి అందింది. నాలుగుసార్లు చదివిన. నాకు పుట్టి బుద్ధెరిగినసంది ఎవ్వరు చీటి రాయలే అమ్మా. మొదలు ఎవరిదో నా పేరు మీద వచ్చిందనుకున్న.

మీరు యాదికుండకపోవుడేంది? మూడేండ్ల సంది కుర్చీలు తోస్తున్న. కుర్చీల కూసున్నోళ్ళు ముందటికి చూస్తరు. ఎనుక తోసేటోళ్ళ మొఖం ఎవ్వరు చూడరు, చూసే పని గూడ ఉండదు. మీరు మెడ తిప్పి నా పేరు చదివి, "ప్రేమా, మంచి పేరే" అన్నరు. ఆ నాడు మిమ్మల్ని దింపి పోతుంటే బోర్డు మీద గేటు నంబర్ మారింది. ఈ అమ్మకు వినరాదు గద అనుకున్న. గంతే, ఉరికొచ్చిన. పెద్ద పనేం చెయ్యలే.

సార్ ఎట్లున్నరు? మంచిగ నడుస్తున్నరా? అన్నం తింటున్నరా? నాకు నిజం రాయుండ్రి అమ్మా.

మీ చీటి ఆఫీసుల గూడ అందింది. అందరు చదివిండ్రు. ఇగ మీదికెళ్ళి కంపెనీ పేరు మీద రాయకుండ్రి, కింద నా రూము అడ్రస్ రాసిన, గిక్కడికే రాయుండ్రి. ఇప్పుడు జర తీరిక దొరికింది, అందుకే ఇంత పొడుగు రాస్తున్న. తప్పులుంటే తిట్టకుండ్రి.

ఒక్క మాట అడుగుత. మీ చీటి మీద చి. ల. సౌ. అని ఉన్నది. లగ్గం పత్రికల మీద చూసిన, నా పత్రికల గూడ ఉండె. గదేందో అప్పుడు అడగలే. ఏందమ్మా అది?

మీ
ప్రేమ

* * *

చిక్కడపల్లి,
సెప్టెంబరు 15.

చి. ల. సౌ. ప్రేమకు,

ఆశీస్సులు. నీ ఉత్తరంలో తప్పులు నాలుగే ఉన్నాయి, అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకంటే నయం. వాళ్ళలో ఒకబ్బాయి మొన్న మా ఆయనకు వ్యాసం చూపిస్తే నేను ఎర్రసిరా పెన్ను తీశాను, పాపం ఆ అబ్బాయి మళ్ళీ రాలేదు. నీ అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి. దీర్ఘాలు ఒక్కటే మరిచిపోతావు. "గేటు మారింది" లో రెండు దీర్ఘాలు ఉండాలి. ఆ బోర్డింగ్ పాసు మాత్రం దిద్దలేదు, దేవుడి గదిలో లక్ష్మీదేవి పటం వెనక పెట్టుకున్నాను.

మావారు బాగున్నారు. పొద్దున నాలుగు వీధులు నడుస్తున్నారు. సెంట్రల్ లైబ్రరీకి వెళ్ళి పేపర్లన్నీ చదివి వస్తున్నారు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, ఈయన నా వంటే తగ్గించేశారు, అంత రుచిగా ఉందట.

చి. ల. సౌ. అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. భర్త ఉన్న ఆడపిల్లను అలా గౌరవించి రాస్తాం. అన్నట్టు మీ ఆయన పేరేమిటి, ఏం చేస్తాడు? అంత పొడుగు ఉత్తరంలో ఆ ఒక్క మాటా రాయలేదు. తీరిక దొరికిందన్నావు, సెలవు పెట్టావా? మీ పైవాళ్ళు నా ఉత్తరం చదివి ఏమన్నారు? మెచ్చుకున్నారా? మెచ్చుకుంటే దాచుకోకుండా రాయి. గొప్పలు చెప్పుకోవడం తప్పు కాదు, నేను రోజూ చెప్పుకుంటాను.

ముషీరాబాద్ ఇక్కడికి ఎంత దూరమని! ఒకరోజు వెళ్ళి మీ అమ్మను చూసి, ఇలాంటి కూతుర్ని కన్నందుకు ఒక దణ్ణం పెట్టి వస్తాను.

కుసుమ

* * *

మహిపాల్‌పూర్,
సెప్టెంబర్ 28.

అమ్మకు దండాలు.

మా అమ్మ కాడికి పోకుండ్రి. పొద్దుగాల్నే కూలికి పోతది, దొరకదు. బస్తీల తొవ్వ మంచిగ లేదు, మీరు పరేషాన్ అయితరు. నేను వచ్చినంక నేనే తీస్కపోత.

మా ఆయన పేరు ఉప్పలయ్య. బిల్డింగుల పనికే మేము ఢిల్లీ వచ్చినం. నన్ను ఇంటర్ చదివిన దానివి, ఇటుకలు మోసుడేంది అని ఎప్పుడు తిడుతుండె.

ఆఫీసోళ్ళు ఇంకా ఏమనలే. సార్ నాలుగు వీధులు నడిస్తే ఆయాసం వస్తలేదు గద? డాక్టర్ కాడికి మల్ల ఎప్పుడు పోతరు? పోయినంక ఏమన్నడో రాయుండ్రి, మర్వకుండ్రి.

ఇక్కడ తెలుగోళ్ళు పదిమంది కలిసి బతుకమ్మ పేరుస్తున్నరు. తంగేడు పూలు దొరకలే, బంతిపూలతోనే చేసిండ్రు. చూసొచ్చిన.

ప్రేమ

* * *

చిక్కడపల్లి,
అక్టోబరు 10.

ప్రేమా,

కోపంతో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటాయి, చదువుకో.

వెళ్ళొద్దంటే వెళ్ళకుండా ఉండే రకం కాదు నేను. ఆదివారం మావారిని వెంటబెట్టుకుని ఆటోలో ముషీరాబాద్ వెళ్ళి, ఢిల్లీలో కుర్చీలు తోసే ప్రేమ వాళ్ళిల్లేదని బస్తీలో అడుగుతూ పోయాను. మీ అమ్మ బుగ్గమ్మ ఇంట్లోనే ఉంది. మీ నాన్న తిమ్మప్ప మంచం వాల్చి కూర్చోమన్నాడు. మీ అమ్మ మాట్లాడుతుంటే ఈయన పలక మీద రాసి నాకు చూపిస్తున్నారు. "మీ బిడ్డ బంగారం" అని నేనన్నాను. ఆవిడ ఏదో అంది. ఈయన చేతిలో బలపం ఆగిపోయింది. రాయండి అంటే రాయరే! పలక లాక్కుని మీ అమ్మ మొహంలోకి చూసి మళ్ళీ చెప్పమన్నాను. నెమ్మదిగా చెప్పింది, నేను పెదవులు చదివాను.

"బిడ్డ కుర్చీల పనికి పోక నెల దాటిపాయె. ఎవలో ముసలామె తారీఫు చేస్త ఆఫీసుకు చీటి రాసిందట. దాంతోనే నౌకరి మీదికొచ్చింది. ఇప్పుడు ఏందో గోదాంల అట్టపెట్టెలకు టేపు అతుకుతున్నది."

 ఆ ముసలామె నేనేనని ఈయనే చెప్పారు. మీ అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "మంచికే రాసిండ్రు గదమ్మా, మీకేం ఎరుక" అని టీ పెట్టి ఇచ్చింది. ఆ టీ నేను తాగలేదు.

ప్రయాణికుల దగ్గర ఏమీ తీసుకోకూడదన్న నిబంధన ఉందని నాకెందుకు చెప్పలేదు? రెండు నెలలుగా నేను ఇక్కడ దీర్ఘాలు దిద్దుతూ, మెచ్చుకున్నారా అని అడుగుతూ కూర్చున్నాను. నువ్వేమో "తీరిక దొరికింది" అంటావు. తీరికట తీరిక! నా కళ్ళ ముందుంటే ఒక్కటి మొట్టి ఉందును.

సరే. నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తాను. నిన్న మీ కంపెనీకి ఇంగ్లీషులో రిజిస్టరు పోస్టు పంపించాం. సెక్రటేరియట్‌లో ఫైళ్ళు రాసిన చెయ్యి మావారిది, వంక పెట్టడానికి ఉండదు. వాయనం బహుమతి కాదనీ, మా ఆచారమనీ, భర్త ఉన్న ముత్తైదువకు మాత్రమే ఇస్తామనీ, ఇచ్చినప్పుడు ఆవిడ కాదనకూడదనీ విడమరిచి రాశాం. మీ అమ్మకూ అదే ధైర్యం చెప్పాను, "ముత్తైదువకు ఇచ్చిన వాయనానికి ఎవరూ శిక్ష వెయ్యలేరు బుగ్గమ్మా" అని. ఆవిడ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బెంగతో ఉంది పాపం.

నువ్వింక భయపడకు. ఏ సంగతైనా నాకు రాయి. ఈసారి దాచావంటే ఊరుకోను.

కుసుమ

* * *

మహిపాల్‌పూర్,
అక్టోబర్ 24.

అమ్మకు,

దాచొద్దన్నరు. ఇగ దాచను. కూసోని చదువుండ్రి.

మీరు ఆఫీసుకు రాసిన మొదటి చీటి తెలుగుల ఉన్నది. అక్కడ తెలుగు ఎవ్వరికి రాదు. ఫోన్‌ల పెట్టి ఇంగ్లీషు చేసిండ్రు. వాయనం అన్న కాడ గిఫ్టు అని వచ్చింది. "ఒప్పుగా పలికింది" అని మీరు రాస్తే, ఒప్పుకున్నది అని వచ్చింది. మూడుసార్లు అడిగితే మూడుసార్లు తీసుకున్ననని ఒప్పుకున్నదట. పెద్ద సార్ అది చదివి, ప్యాసింజరే రాసిచ్చిన సాక్ష్యం ఉన్నది, ఇంకేం ఎంక్వయిరీ అన్నడు. రవికె గుడ్డ తెమ్మన్నడు. తీస్కపోయి ఇచ్చిన. కవర్ల వెట్టి సీల్ చేసిండ్రు.

ఇప్పుడు మీ రెండో చీటి పోయింది. అది చదివి నా ఫారం తీసిండ్రు. ఆ ఫారంల నా పేరు ఎదురుంగ విధవ అని ఉన్నది.

అవునమ్మా. ఉప్పలయ్య పోయి మూడేండ్లు దాటింది. పచ్చకామెర్లు అయినయి, పది రోజులల్ల పోయిండు. మా దిక్కు పోయిండు అంటే ఊరికి పోయిండు అని గూడ అర్థం ఉన్నది. ఆ అర్థమే అయితే మంచిగుండు అని ఎన్నోసార్లు అనుకున్న. ఆయన పోయినంకనే ఈ పనిల చేరిన.

పెండ్లయిందా అని మీరు అడిగిండ్రు. అయిందని చెప్పిన. ఆయన ఉన్నడా అని మీరు అడగలే, నేను చెప్పలే. మీరు పండు పట్టుకొని నా దిక్కే చూస్తుండిరి. ఆ గేటు కాడ ఇంకో ముత్తైదువను ఏడికెళ్ళి తేవాలె? అది ఒకటి. ఇంకోటి గూడ ఉన్నది, అది చెప్పకుంటే అబద్ధమే అయితది. ఆయన పోయినంక నా చేతుల ఎవ్వరు పండు పెట్టలే, బొట్టు పెట్టలే. మొన్న బతుకమ్మ కాడ గూడ దూరం నిలబడే చూసొచ్చిన. మీరు రెండు చేతులతోని ఇస్తుంటే ఆశైంది అమ్మా. తీసుకున్న.

తీసుకున్నంక, ఆ వాయనం సార్ ప్రాణం కోసమని మీ చీటిల చదివిన. అప్పటిసంది నాకు నిద్ర లేదు. నా అసొంటిది తీసుకున్న వాయనంతోని సార్‌కు ఏమన్న అయితే? అందుకే ప్రతి చీటిల సార్ ఎట్లున్నరని అడిగిన. నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది.

ఆఫీసుల సార్ ఏమంటున్నడంటే, ఆమె మొగుడున్నోళ్ళకే ఇస్తదట, నీకు మొగుడు లేడు, అంటే ఇది ఆచారం కాదు గిఫ్టే, లేకుంటే నువ్వు ముసలామెను మోసం చేసినవు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు అంటున్నడు. నవంబర్ పన్నెండుకు ఆఖరి ఎంక్వయిరీ. ఆ శనగలు నేనొక్కదాన్నే తినలే. స్టాఫ్ రూముల ఎనిమిదిమందిమి, మా సూపర్‌వైజర్ మేడమ్ గూడ, తలా నాలుగు గింజలు తిన్నం. ఆ ముచ్చట నేను చెప్పలే. చెప్తే వాళ్ళ నౌకర్లు గూడ పోతయి. మీరు గూడ రాయకుండ్రి.

మోసం చేసిన అని మీరు అన్నా నాకు కోపం రాదు. ఒక్కటే అడుగుత. ఇగ నాకు చి. ల. సౌ. అని రాయకుండ్రి.

ప్రేమ

* * *

చిక్కడపల్లి,
నవంబరు 3.

చి. ల. సౌ. ప్రేమకు,

పైనున్న ఆ మూడు ముక్కలు రాయడానికి నాకు ఆరు రోజులు పట్టింది. ఎందుకు పట్టిందో చెబుతాను.

నీతో అబద్ధం ఆడను. నీ ఉత్తరం చదివాక ఆ పూట నాకు అన్నం సహించలేదు. పాతకాలపు మనిషిని. "అయ్యో, ఎంత పని జరిగింది" అనే నా మనసు మొదట అంది. నీ మీద జాలితో కాదు, నా వాయనం గురించి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది, కానీ అన్నదాన్ని అనలేదని ఎలా రాయను? దేవుడి గది తలుపేసుకుని కూర్చున్నాను.

మావారు తలుపు తట్టారు. నాకు వినపడదు కదా, తోసుకుని లోపలికొచ్చారు. నీ ఉత్తరం అప్పటికే చదివేశారు. నా ఎదురుగా కూర్చుని పలక మీద రాశారు. "ఆ వాయనం ఎవరి ప్రాణం కోసం ఇచ్చావు?"

"మీ ప్రాణం కోసమే" అన్నాను.

తుడిచి మళ్ళీ రాశారు. "నేను ఎక్కడున్నాను?"

"నా ఎదురుగానే ఉన్నారు, ఎక్కడుంటారు!"

"మరి అది చెల్లిందో లేదో ఇంకా ఎవర్ని అడుగుతున్నావు?"

పలక ఆయన మీదికి విసిరేసి ఏడ్చాను ప్రేమా. ఏడ్చాక ఆకలేసింది. ఇద్దరం పెరుగన్నం తిన్నాం.

ఆ గేటు దగ్గర వందమంది ఉన్నారు. మెళ్ళో సూత్రాలున్నవాళ్ళు చాలామందే ఉండి ఉంటారు. అందరూ లేచి వెళ్ళిపోయారు, నన్ను తట్టి లేపినవాళ్ళు ఒక్కరూ లేరు. నువ్వు ఉరికి వచ్చావు. ఆ రోజు నేను పిలిచింది లక్ష్మీదేవిని. వచ్చింది నువ్వు. వచ్చినావిడను నిలబెట్టి మీ ఆయన ఉన్నాడా అని అడిగే అధికారం నాకెవరిచ్చారు? సౌభాగ్యం అంటే ఆ ఒక్కటే అని బడిలో ఇన్నేళ్ళు చెప్పాను. తప్పు చెప్పాను. మావారికి ప్రాణం పోసుకొచ్చిన చేతికి సౌభాగ్యం లేదంటే నా నోట్లో పురుగులు పడతాయి. అందుకే నేను బతికున్నంతకాలం నీకు చి. ల. సౌ. అనే రాస్తాను. నీకిష్టం లేకపోతే నీ కాపీలో కొట్టేసుకో.

ఇక నీ ఉద్యోగం సంగతి. మొదటి ఉత్తరంతో నిన్ను గోతిలోకి తోశాను, రెండోదాంతో మట్టి పోశాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. తెలుగు పంతులమ్మనని విర్రవీగినందుకు ఒక క్రియాపదం తెచ్చి నీ కూటి మీద పడేశాను. నువ్వు "తీసుకున్న" అన్నప్పుడే ఊరుకుని ఉంటే, "ఒప్పుగా పలికింది" అని నేను గొప్ప చెప్పుకునేదాన్నే కాదు కదా!

నీ ఉత్తరంలో ఒక మాట మళ్ళీ మళ్ళీ చదివాను. ఎవరికీ చెప్పొద్దన్నావు, చెప్పను. కానీ తొమ్మిది మంది పంచుకు తిన్నదాన్ని మనవాళ్ళు వాయనం అనరు. దానికి వేరే మాట ఉంది, ఢిల్లీలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట. ఈసారి ఒక్క పేజీయే రాయించాను. "పూజ చేసుకుని ఆమె చేతిలో ప్రసాదం పెట్టాను. పెళ్ళయిందా అని అడిగాను, అయిందని నిజమే చెప్పింది. అంతకుమించి నేను అడగలేదు. తప్పుంటే అడగడం చేతకాని నాది. నన్ను ఆమె మోసం చేయలేదు, నా భర్తను నాకు ఇచ్చింది." అంతే. ప్రసాదం అన్నచోట ఇంగ్లీషు వద్దని, హిందీ అక్షరాల్లో నా చేత్తో నేనే రాశాను. కింద మావారు కూడా సంతకం పెట్టారు. సంతకం పక్కన "ప్రాణాలతో ఉన్న భర్త" అని రాసుకున్నారు. ఆఫీసు ఉత్తరంలో వేళాకోళమేమిటండీ అంటే, అది సాక్ష్యం అన్నారు.

పన్నెండో తారీఖున ఏమవుతుందో నాకు తెలియదు. ఏమైనా సరే నువ్వు నాకు రాయాలి. ఇంకో పని కూడా ఉంది. ఆ రోజు సగం తెలిసి ఇచ్చాను, ఇవాళ అంతా తెలిసి ఇస్తున్నాను. ఈ కవరులో రవికెల గుడ్డ పట్టదు, మాటే పట్టుకో. ఇస్తినమ్మ వాయనం. నీ జవాబు నీ మాటలోనే రాయి. దిద్దను.

కుసుమ

* * *

మహిపాల్‌పూర్,
నవంబర్ 20.

అమ్మా,

సోమవారం నుంచి మల్ల కుర్చీ తోస్తున్న!

పన్నెండో తారీఖు ముచ్చట చెప్త. పెద్ద సార్ మీ మూడో చీటి అందరి ముందట చదివిండు. ప్రసాద్ అన్న కాడ ఆగిండు. నా దిక్కు చూసి, "ప్రసాదమని మొదలే ఎందుకు చెప్పలే?" అన్నడు.  మా సూపర్‌వైజర్ మేడమ్ గోడకు ఆనుకొని నిలబడ్డది. మూడు నెలల సంది ఒక్క మాట మాట్లాడలే ఆమె, నా మొఖం గూడ చూడలే. నడిచొచ్చి బల్ల ముందట నిలబడి, "సార్, ఆ ప్రసాదం నేను గూడ తిన్న. తప్పైతే నా పేరు గూడ రాయుండ్రి" అన్నది. సార్ చేతిల కాగితం పక్కకు పెట్టిండు. తర్వాత ఎట్లుండె అని అడిగిండు. "ఉప్పు లేకుండె" అన్నది మేడమ్. నాకు నవ్వు ఆగలే అమ్మా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న. సార్ గూడ నవ్విండు. ఇగ మీద ప్రసాదమైనా సరే మేడమ్‌కు చెప్పి తీసుకో అని కాగితం మీద సంతకం చేయించుకున్నడు.

సీల్ చేసిన కవర్ వాపస్ ఇచ్చిండు. గుడ్డ కుట్టిచ్చిన. యూనిఫాం లోపల ఏసుకుంటున్న, ఎవ్వరికి కనబడదు, నాకు ఎరుక.

మా అమ్మకు ఫోన్ చేసి మీ చీటి మొత్తం చదివి వినిపిచ్చిన. చి. ల. సౌ. అన్న కాడ మల్ల చదువు అన్నది. మూడుసార్లు చదివిచ్చుకున్నది. ఆదివారం మీ ఇంటికి వస్తదట, టీ తాగకుండ పోయిండ్రని మనసుల పెట్టుకున్నది. మీ కోసం సకినాలు తెస్తది. ఆమెకు దీర్ఘాలు చెప్పకుండ్రి, ఆమెకు చదువు రాదు.

నిన్న ఒక పెద్దాయనను కుర్చీల తోస్తుంటే ఎనుకకు తిరిగి నీ పేరేంది అని అడిగిండు. చెప్పిన. గొంతు మంచిగ వచ్చింది.

మీరు ఇచ్చింది అందింది. తీసుకున్న అమ్మా. తీసుకున్న. తీసుకున్న.

సార్ ఎట్లున్నరని ఈసారి అడుగుతలేను.

మీ
చి. ల. సౌ. ప్రేమ